పేరున్న రాక్ బ్యాండులో పేరు లేని చోటు: ఒప్పుకోవాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. సొంతూరు తెనాలి. చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. స్టూడియో రికార్డింగుల్లో, పెళ్లి సంగీత్‌లలో, కాలేజీ ఫెస్టుల్లో కీబోర్డ్ వాయించి ఇల్లు నడుపుతున్నాను. బెంగళూరులో పాతికేళ్లుగా పేరున్న ఒక రాక్ బ్యాండ్ నుంచి మొన్న ఫోన్ వచ్చింది. వాళ్ల కీబోర్డ్ ప్లేయర్ పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయారు. ఆయన బదులు నన్ను టూర్‌కి రమ్మంటున్నారు. అయితే మెంబర్‌గా కాదట, సపోర్టింగ్ మ్యుజీషియన్‌గానట. పోస్టర్ మీద ఫొటో ఉండదు. షోకి ఇంత అని ఇస్తారు. ఆయన సోలోలు ఉన్నవి ఉన్నట్టే వాయించాలట, అదీ ఆయన కీబోర్డ్ మీదే. వాళ్ల అభిమానులు అప్పుడే నా పాత వీడియోల కింద "ఆయన కాలిగోటికి సరిపోడు" అన్నట్టు రాస్తున్నారు. తోటివాళ్లేమో "ఈ వయసులో ఇంకొకరి దగ్గర కూలికి పోతావా" అంటున్నారు. ఇంట్లో లెక్కలు చూసేది మా ఆవిడ. ఇక్కడి పనులు వదులుకుని వెళ్తే, రేపు వాళ్లు వద్దంటే ఏం చేస్తామని ఆమె టెన్షన్. నాకు మాత్రం వెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు:

వెళ్లండి.

ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ ఉత్తరం నిండా ఎవరెవరివో మాటలున్నాయి: బ్యాండ్ షరతులు, అభిమానుల కామెంట్లు, తోటివాళ్ల దెప్పిపొడుపులు. వెళ్లాలని ఉందన్న ఒక్క ముక్కే పూర్తిగా మీది. కాకపోతే సరే అని ఫోన్ చేసేముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కొన్ని వాయించడం గురించి, కొన్ని కాగితం గురించి. పేరున్న బ్యాండుల్లో మధ్యలో చేరినవాళ్ల అనుభవాలు ఇప్పటికే మన కళ్ల ముందు చాలా ఉన్నాయి కాబట్టి వాటిని పట్టుకునే చెబుతాను.

ముందు ఆ 'కూలి' సంగతి. ఆ మాట అన్నవాళ్లకు రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ బేస్ గిటారిస్టు గురించి చెప్పండి. 1993లో బిల్ వైమన్ ముప్పై ఏళ్లు వాయించి ఆ బ్యాండ్ నుంచి తప్పుకున్నారు. ఆయన బదులు ఎవరన్న నిర్ణయాన్ని మిగతావాళ్లు డ్రమ్మర్ చార్లీ వాట్స్‌కు వదిలేశారు. బేస్‌తో రోజూ జత కలవాల్సింది డ్రమ్సే కదా. వాట్స్ ఎంచుకున్న మనిషి షికాగోకు చెందిన డారిల్ జోన్స్. అప్పటికే ఆయన సామాన్యుడేం కాదు. ఇరవై ఒకటో ఏట జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన నిలబడి వాయించినవాడు, తర్వాత గాయకుడు స్టింగ్ దగ్గర పనిచేసినవాడు. 1994 నుంచి స్టోన్స్ టూర్లలో బేస్ ఆయనదే. మూడు దశాబ్దాలు దాటింది. అయినా ఇవాళ్టికీ కాగితం మీద ఆయన బ్యాండ్ మెంబర్ కాడు. గ్రూప్ ఫొటోల్లో ఉండడు. కానీ స్టేజి మీద 'మిస్ యూ' పాట వచ్చిందంటే మధ్యలో బ్యాండంతా తగ్గి ఆయనకు చోటిస్తుంది, స్టేడియం మొత్తం ఆయన బేస్ ఒక్కటే వింటుంది. 2003 ఏప్రిల్‌లో స్టోన్స్ బెంగళూరు వచ్చినప్పుడు వినడానికి వెళ్లిన మనవాళ్లు విన్న బేస్ కూడా ఆయనదే. ఆయన్ని కూలి మనిషి అనగలిగినవాళ్లు మిమ్మల్నీ అనుకోనివ్వండి.

అలాగని మెంబర్ అన్న మాటకు విలువే లేదని నేను అనను. అదే బ్యాండులో ఇయన్ స్టూవర్ట్ అని ఒక పియానిస్టు ఉండేవారు. 1962లో బ్యాండ్ పుట్టినప్పుడే ఉన్న మనిషి. 1963లో కొత్త మేనేజర్ వచ్చి, ఈయన వాలకం పాప్ బ్యాండుకు కుదరదు, పైగా ఆరుగురు ఎక్కువ అని లైనప్‌లోంచి తీసేశాడు. స్టూవర్ట్ అలిగి వెళ్లిపోలేదు. వ్యాన్ నడిపారు, సామాను చూసుకున్నారు, రికార్డుల్లో పియానో వాయించారు. 1985లో చనిపోయేదాకా వాళ్లతోనే ఉన్నారు. 1989లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్టోన్స్‌ను చేర్చినప్పుడు ఆయన పేరునూ చేర్చారు, ఆయన పోయిన మూడేళ్లకు. దీన్ని త్యాగం అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అది అన్యాయమే. మీరు అలాంటి త్యాగాలు చేయనక్కర్లేదు. మెంబర్ హోదా ఇవ్వలేకపోతే దాని బదులు ఏమిస్తారో అడగొచ్చు, అడగాలి కూడా. అది తర్వాత చెబుతాను.

అన్నిటికంటే ముందు మీరు చూడాల్సింది ఆ మనుషులు మీతో ఎలా ఉంటారన్నది. వాళ్లు ఒక స్నేహితుణ్ని పోగొట్టుకున్నారు. దుఃఖంలో ఉన్నవాళ్లు కొత్తగా వచ్చిన మనిషిని ఎంత బాధపెట్టగలరో మెటాలికా అనే అమెరికా బ్యాండ్ కథ చెబుతుంది. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తా పడి వాళ్ల బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. వయసు 24. కొద్ది వారాల్లోనే జేసన్ న్యూస్టెడ్‌ను తీసుకుని, నవంబరుకల్లా మళ్లీ స్టేజి ఎక్కేశారు. ఏడవడానికి కూడా టైమ్ ఇచ్చుకోలేదు. ఆ బాధ కొత్తవాడి మీదకు మళ్లింది. ఆటపట్టించడం అనే పేరుతో చాలాకాలం వేధించారు. 1988లో వచ్చిన ఆల్బమ్‌లో అయితే అతని బేస్ దాదాపు వినిపించదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెతుక్కున్నా గిటార్ల కింద ఎక్కడో ఆనవాలు తగులుతుందంతే. అతను సరిగ్గా వాయించక కాదు, మిక్సింగ్‌లో తగ్గించేశారు. అయినా ఆ మనిషి పద్నాలుగేళ్లు ఉన్నాడు. స్టేజి మీద అంత ఊపుగా వాయించినవాళ్లు ఆ బ్యాండులో తక్కువ. 2001 జనవరిలో వెళ్లిపోయాడు. కారణాల్లో ఒకటి, బయట ఇంకో బ్యాండుతో సొంతంగా పాటలు చేసుకుంటానంటే గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒప్పుకోకపోవడం.

తర్వాత 2003లో అదే మెటాలికా రాబర్ట్ ట్రుహీయోను తీసుకున్న తీరు వేరు. అప్పటికి వాళ్లు కౌన్సెలర్‌ను పెట్టుకుని, ఒకరి మీద ఒకరికున్న కోపాలన్నీ బయట పెట్టుకుని ఉన్నారు. ఆ రోజుల మీద తీసిన డాక్యుమెంటరీలో ఒక సన్నివేశం ఉంటుంది. ట్రుహీయోను కూర్చోబెట్టి, నువ్వు మాలో ఒకడివి, దానికి గుర్తుగా పది లక్షల డాలర్లు ముందే ఇస్తున్నాం అంటారు. ఆయనకు కాసేపు నోట మాట రాదు. డబ్బు కన్నా నాకు నచ్చిందేమిటంటే, నీ చోటు ఇది అని వాళ్లు నోరు విప్పి చెప్పడం. 2009లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం న్యూస్టెడ్‌కూ ట్రుహీయోకూ ఇద్దరికీ వచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ కలిసి వాయించారు.

అందుకని మీరు ఒప్పుకునే ముందు కనీసం రెండు రిహార్సల్స్‌కు వెళ్లండి, దారిఖర్చులు వాళ్లవి. అక్కడ పోయినాయన గురించి మామూలుగా మాట్లాడుకోగలుగుతున్నారా, లేక ఆయన పేరెత్తగానే గదిలో అందరూ ముఖాలు తిప్పుకుంటున్నారా చూడండి. మీరు తప్పు వాయిస్తే ఎవరు ఏమంటారో, ఎలా అంటారో గమనించండి. ఇంకో పని చేయండి. వాళ్ల సౌండ్ ఇంజినీర్‌ను అడిగి రిహార్సల్ రికార్డింగ్ తెచ్చుకుని ఇంటికొచ్చి నింపాదిగా వినండి. మీ కీబోర్డ్ ఎంత వినిపిస్తోందో దాన్ని బట్టి వాళ్లు మిమ్మల్ని ఎక్కడ ఉంచదలుచుకున్నారో చాలావరకు తెలుస్తుంది. వినిపించకపోతే మొహమాటపడకుండా అడగండి. అడిగాక పెంచితే సరే. "తర్వాత చూద్దాంలే" అని నాన్చితే మాత్రం ఆలోచించుకోండి.

ఇక సోలోలు. మీరు అడిగినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

ఉన్నవి ఉన్నట్టే వాయించాలన్న వాళ్ల కోరికలో తప్పులేదు, కానీ ప్రతి సోలోకూ అది వర్తించదు. ప్రతి పేరున్న బ్యాండుకూ కొన్ని పాటలుంటాయి, వాటిలో కీబోర్డ్ ముక్క మొదలవగానే జనం నోటితో దాన్ని పాడేస్తారు. ఆ ముక్క ఇప్పుడు వాయించినవాడిదీ కాదు, బ్యాండ్‌దీ కాదు, జనానిది. దాన్ని స్వరం పొల్లు పోకుండా వాయించండి, అదే సౌండ్‌తో, అదే విరామాలతో. అక్కడ మీ ప్రతిభ చూపించబోతే వినేవాళ్లకు గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. ఇక మిగతా చోట్ల, అంటే ఆయనే ఒక్కో షోలో ఒక్కోలా వాయించిన చోట్ల, మక్కీకి మక్కీ దింపడం ఆయనకు కూడా న్యాయం చేసినట్టు కాదు. ఆయన అక్కడ స్వేచ్ఛగా వాయించారంటే మీరూ స్వేచ్ఛగానే వాయించాలి. ఏది ఏదో తేలాలంటే స్టూడియో రికార్డింగ్ ఒక్కటి వింటే చాలదు. ప్రతి పాటకూ వేర్వేరు ఏళ్లలో జరిగిన రెండు మూడు లైవ్ రికార్డింగులు పక్కపక్కన పెట్టుకుని వినండి. అన్నిట్లోనూ మారకుండా ఉన్నది పాటలో భాగం. మారుతూ వచ్చింది ఆయన ఆ పూట మనసుకు తోచింది.

మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసుణ్ని చూడండి. గాయకుడు కీర్తన పాడుతున్నంతసేపూ నీడలా వెంట నడుస్తాడు. రాగం వంతు వచ్చినప్పుడు అదే రాగంలో తనకు తోచింది వాయిస్తాడు, పాడినదాన్ని తిరిగి అప్పజెప్పడు. మీరు తెనాలి నుంచి వచ్చినవారు, ఈ పద్ధతి మీ చెవిలో ఉండే ఉంటుంది.

రాక్‌లోనూ మంచి బ్యాండులు ఈ సంగతి ఎరిగే ఉన్నాయి. 1971 అక్టోబరులో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్టు డ్యుయేన్ ఆల్‌మన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. అంతటి గిటారిస్టు చోట ఇంకో గిటారిస్టును పెడితే ఆయనతో పోల్చడమే సరిపోతుంది జనానికి. వాళ్లు మరుసటి ఏడాది చక్ లెవెల్ అనే ఇరవై ఏళ్ల పియానో కుర్రాణ్ని తీసుకున్నారు. గిటార్ ఉండాల్సిన చోట పియానో వినిపించడంతో ఆ బ్యాండ్‌కు కొత్త ప్రాణం వచ్చింది. 1973లో వచ్చిన 'జెస్సికా' అనే పాట వినండి, మాటలు లేని పాట. మధ్యలో పియానో సోలో ఆయనదే. కీబోర్డ్ ప్లేయర్ కాబట్టి మీరు దాన్ని తప్పక వినాలి. మన దేశంలో ఇండియన్ ఓషన్ బ్యాండూ ఇంచుమించు ఇలాగే చేసింది. తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులో పోయినప్పుడు ఆ ఖాళీలోకి ఒక్కరిని నిలబెట్టలేదు. పాడటానికి హిమాంశు జోషి వచ్చారు, తబలాకు తుహిన్ చక్రవర్తి వచ్చారు. మీ బెంగళూరు మిత్రులతో ఈ రెండు కథలూ మాట్లాడండి. సెట్‌లో రెండు మూడు పాటలైనా కొత్తగా అరేంజ్ చేద్దామా అని అడిగి చూడండి. మొదటి టూర్‌కే పట్టుబట్టకండి, రెండోదానికైనా మాట తీసుకోండి.

లెవెల్ పేరు వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఆయనే 1982 నుంచి రోలింగ్ స్టోన్స్‌కు కీబోర్డ్ వాయిస్తున్నారు. ఆయనా మెంబర్ కాదు. కానీ ఆ బ్యాండ్ ఆయన లేకుండా స్టేజి ఎక్కడం ఇప్పుడు ఊహించలేం. ఎందుకో తెలుసా? ఆయన నోట్‌బుక్కులు. ప్రతి పాట ఏ శ్రుతిలో, ఏ వేగంతో, ఏ వరసలో వాయించారో ఏళ్ల తరబడి చేత్తో రాసిపెట్టుకున్నారు. ఎప్పుడో మరచిపోయిన పాట వాయిద్దామని వాళ్లకు అనిపిస్తే అందరూ తిరిగేది ఆయన వైపే. ఏ రాత్రి ఏ పాటలు వాయించాలన్న చర్చలోనూ ఆయన మాట ఉంటుంది. మీరూ మొదటి రిహార్సల్ నుంచే ఇది మొదలుపెట్టండి. గాయకుడి వయసు పెరిగాక చాలా బ్యాండులు పాటను అర మెట్టు, మెట్టు కిందికి దించుతాయి. రికార్డులో ఒక శ్రుతి, స్టేజి మీద ఇంకో శ్రుతి. ఏ పాటలో చెవిలో లయ చెప్పే క్లిక్ ఉంది, ఏ పాటలో డ్రమ్మర్ కళ్లు చూసి అందుకోవాలి, ఏ సౌండ్ ఎన్నో నంబరులో ఉంది, అన్నీ రాసుకోండి. పాతికేళ్లుగా కలిసి వాయిస్తున్నవాళ్లు ఇవేవీ రాసుకోరు, ఆ అవసరం వాళ్లకు రాలేదు. రాసుకున్న మనిషి విలువ ఆరు నెలల్లో తెలిసొస్తుంది.

ఆయన కీబోర్డ్ మీదే వాయించాలన్న షరతు గురించి. ఇది ఆప్యాయతతో అడిగిందే, తప్పుపట్టను. కానీ కీబోర్డ్ వాయించేవారికి చెప్పేదేముంది, కీల బరువు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఇన్నేళ్లుగా వేరే కీల మీద నడిచిన వేళ్లు కంగారు పడతాయి. పైగా పాత సింథసైజర్లలో లోపలి బ్యాటరీ అయిపోతే, సొంతంగా తయారుచేసి సేవ్ చేసుకున్న సౌండ్లన్నీ పోయే ప్రమాదం ఉంటుంది. ఆయన ఏళ్ల కొద్దీ కష్టపడి చేసుకున్న సౌండ్లు ఏ హైవే గతుకుల్లోనో పోతే ఎవరూ తిరిగి తేలేరు. కాబట్టి ముందు ఆ సౌండ్లన్నిటినీ కాపీ చేయించండి, వీలైనవి మీ కీబోర్డ్‌లోకి ఎక్కించండి లేదా శాంపిల్ చేయండి, అంటే ఆ సౌండ్లను రికార్డు చేసి పెట్టుకోండి. ఆయన కీబోర్డ్‌ను ఒక్క పాటకో రెండు పాటలకో వాడదామని చెప్పండి. దానికి ముందు ఆయన కుటుంబాన్ని అడిగారా లేదా కనుక్కోండి. అడగకపోతే, బ్యాండ్ వాళ్లను తీసుకుని మీరే వాళ్లింటికి వెళ్లి కలవండి. ఆయన భార్యో పిల్లలో "మీరు వాయించండి" అన్నాక మీ చేతులు తేలికపడతాయి.

అభిమానుల సంగతికొస్తే, మీకు తగిలిన మాటలు చాలా తక్కువేననాలి. జర్నీ అనే అమెరికా బ్యాండ్ 2007లో గాయకుడి కోసం వెతుకుతోంది. గిటారిస్టు నీల్ షోన్ యూట్యూబ్‌లో వీడియోలు చూస్తూ పోతుంటే, మనీలాలో ఒక క్లబ్బులో పాడుతున్న ఆర్నెల్ పినేడా కంటపడ్డాడు. వయసు నలభై. చిన్నప్పుడు తల్లి పోయి, ఇల్లు లేక పార్కుల్లో పడుకున్న మనిషి. జర్నీ నుంచి ఈమెయిల్ వస్తే ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. తీరా చేరాక, అభిమానుల్లో కొందరు గొంతును వదిలేసి అతని రూపం మీద, దేశం మీద, జాతి మీద రాయకూడనివి రాశారు. పాత గాయకుడు స్టీవ్ పెర్రీ గొంతుతో పెరిగినవాళ్లకు ఫిలిప్పీన్స్ మనిషి ఆ పాటలు పాడటం మింగుడుపడలేదు. పినేడా వాళ్లతో వాదనకు దిగలేదు. 2008 ఫిబ్రవరిలో చిలీలో మొదటి షో పాడాడు, తర్వాతి షో పాడాడు, ఆ తర్వాతిదీ పాడాడు. అతను పాడిన మొదటి ఆల్బమ్ ఆ ఏడాదే అమెరికాలో ప్లాటినం అయింది. 2017లో జర్నీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు ఆ జాబితాలో పినేడా పేరు లేదు. కానీ ఆ రాత్రి పాటలు పాడింది అతనే. అవార్డు తీసుకోవడానికి వచ్చిన పెర్రీ, ప్రతి రాత్రీ మనసు పెట్టి పాడుతున్నాడని అందరి ముందూ పినేడా పేరు చెప్పి కృతజ్ఞత తెలిపాడు.

మీ వీడియోల కింద రాస్తున్నవాళ్లు కూడా ఆయన్ని ప్రేమించినవాళ్లే. వాళ్లకు జవాబు రాయకండి, తీసేయకండి, చదువుతూ కూర్చోకండి. ఒక్కటి మాత్రం బ్యాండ్‌ను అడగండి: మీరు వచ్చిన సంగతి మీ నోటితో కాకుండా వాళ్ల నోటితో ప్రకటించాలి, మీ పేరు చెప్పి, ఎందుకు మిమ్మల్నే ఎంచుకున్నారో రెండు ముక్కలు చెప్పి. ప్రతి షోలోనూ గాయకుడు మిగతావాళ్లతోపాటు మీ పేరూ పిలవాలి. అభిమానులు బ్యాండ్ మాట వింటారు. బ్యాండ్ ఆదరించిన మనిషిని వాళ్లూ మెల్లగా ఆదరిస్తారు. మిమ్మల్ని దాచిపెట్టినట్టు చేస్తే ఆ కామెంట్లు పెరుగుతూనే ఉంటాయి, ఆ తప్పు అప్పుడు అభిమానులది కాదు.

ఇప్పుడు కాగితం. మీ ఆవిడ ఇది చదివేటప్పుడు పక్కన ఉండండి.

షోకి ఇంత అన్నారు బాగానే ఉంది. రిహార్సల్ రోజులకు ఎంత? ప్రయాణం రోజులకు? మీరు డేట్ ఖాళీ పెట్టుకున్నాక షో రద్దయితే ఎంత? స్టూడియో పనుల్లో ఉన్నవారు కాబట్టి ఇవి మీకు తెలుసు, కానీ పెద్ద బ్యాండ్ అనేసరికి నోరు పెగలదు. అడగండి. షో వీడియో తీసి ఏదైనా యాప్‌కు అమ్మితే, లైవ్ ఆల్బమ్ వేస్తే దానికి వేరే లెక్క ఉండాలి.

ఇంకా ముఖ్యమైంది, కొత్త పాట తయారయ్యేటప్పుడు మీరు అందులో ఏదైనా పుట్టిస్తే దాని మీద మీ పేరు. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ బ్యాండ్ 1973లో విడుదల చేసిన 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటల్లేకుండా గొంతుతోనే సాగే ఆ గానం మీరు వినే ఉంటారు. పాడినావిడ క్లేర్ టోరీ. స్టూడియోకు పిలిచి, పియానో వరస వినిపించి, నీకు తోచింది పాడమన్నారు. ఆమె అప్పటికప్పుడు పుట్టించి పాడింది, 30 పౌండ్లు తీసుకుని ఇంటికి వెళ్లింది. ఆ ఆల్బమ్ కోట్లలో అమ్ముడైంది. 2004లో ఆమె కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాట రచయితల్లో కీబోర్డ్ ప్లేయర్ రిక్ రైట్ పక్కన ఆమె పేరూ వేస్తున్నారు. ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. అదే బ్యాండులో 1987 నాటికి కథ మారింది. జాన్ కారిన్ అనే కుర్ర కీబోర్డ్ ప్లేయర్‌ను గిటారిస్టు డేవిడ్ గిల్మర్ పిలిపించుకున్నాడు. అతను మెంబర్ కాదు. కానీ 'లర్నింగ్ టు ఫ్లై' పాట కట్టడంలో అతని చేయి ఉంది కాబట్టి రచయితల్లో అతని పేరు మొదట్నుంచీ ఉంది. టూర్ మనిషిగా వచ్చినవారికీ ఇది సాధ్యమే, రికార్డింగ్ కాకముందే మాట్లాడుకుంటే.

మన చట్టం కూడా మీకు కొంత అండగా ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం వాయిద్యం వాయించినవారు కూడా ప్రదర్శకులే, 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం తమ ప్రదర్శనకు తమ పేరు చెప్పించుకునే హక్కు వాళ్లకుంది. పోస్టర్ మీద ఫొటో వేయకపోతే పోనివ్వండి. రికార్డింగుల్లో, వీడియో కింద వివరాల్లో మీ పేరు, మీరు వాయించిన వాయిద్యం ఉండాలని ఒప్పందంలో రాయించండి. సంతకం పెట్టే ముందు ఒక్కసారి లాయర్‌కు చూపించండి, ఆ ఖర్చుకు వెనకాడకండి.

రేపు వద్దంటే అన్న మీ ఆవిడ ప్రశ్న చాలా సరైనది. జరుగుతుంది కూడా. డ్రీమ్ థియేటర్ అనే అమెరికా బ్యాండ్ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ 2010లో వెళ్లిపోతే, మైక్ మంజీని ఆ చోటుకోసం బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో అధ్యాపక ఉద్యోగం వదులుకున్నారు. ఆ బ్యాండ్‌కు మొదటి గ్రామీ అవార్డు తెచ్చిన పాటలో డ్రమ్స్ ఆయనవే, 2022లో. మరుసటి ఏడాదే పోర్ట్‌నోయ్ తిరిగి వచ్చారు, మంజీని తప్పుకోవాల్సి వచ్చింది. పదమూడేళ్లు వాయించాక. ఒక్క చెడ్డ మాట అనకుండా, ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోగలనని చెప్పి వెళ్లారాయన. ఆయన మర్యాదకు నేను దండం పెడతాను. కానీ మీరు మాత్రం హైదరాబాద్ పనులు పూర్తిగా వదులుకోవద్దు. టూర్ తేదీలు కనీసం రెండు నెలల ముందు చెప్పాలని, మిగతా రోజుల్లో బయట ఎవరికైనా వాయించుకోవచ్చని కాగితం మీద పెట్టించండి. న్యూస్టెడ్ ఎందుకు వెళ్లిపోయాడో పైన చెప్పాను, బయట పని మీద అడ్డం పెడితే మంచి మనిషి కూడా నిలబడడు. మిమ్మల్ని ఆపాలనుకుంటే ఇన్ని రోజుల ముందు చెప్పాలని, లేదా ఇన్ని షోల డబ్బు ఇవ్వాలని కూడా రాయించండి. ఏడాది తర్వాత మెంబర్ హోదా గురించి మళ్లీ కూర్చుని మాట్లాడతామన్న ఒక వాక్యం ఉంటే ఇంకా మంచిది. వాళ్లు ఇవ్వకపోవచ్చు, అడగడంలో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

బస్సుల్లో రాత్రి ప్రయాణాలు, వేళకాని వేళ తిండి, చెవులు దిమ్మెక్కే స్టేజి. పోయినాయనకు వచ్చింది గుండెపోటు కదా, మీరు ఈ నెలలోనే ఒకసారి పూర్తి చెకప్ చేయించుకోండి. చెవుల్లో పెట్టుకుని స్టేజి సౌండ్ వినే మంచి ఇన్-ఇయర్ మానిటర్లు కొనుక్కోండి, లేదా కొనిపెట్టమని అడగండి.

ఈ వారంలోనే వాళ్ల మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో వద్దు. రెండు రిహార్సల్స్, వాటి ఖర్చులు, రద్దయిన షోల లెక్క, పేరు వేయడం, బయట పనులకు అనుమతి, కొత్త పాటల్లో వాటా, కీబోర్డ్ సంగతి. ఇవన్నీ మర్యాదగా, పొడిపొడి వాక్యాల్లో రాయండి. పంపేముందు మీ ఆవిడకు చూపించండి. ఆమె ఎక్కడైనా వేలు పెట్టి "ఇది స్పష్టంగా లేదు" అంటే, అక్కడ మళ్లీ రాసి పంపండి.